ఏరి కూర్చు యంత్రసేవకుడు

బాట్ అను పేర ఇటీవల వాడుకలోనికి వచ్చిన యంత్రసేవకుని గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని. వాని నెట్లు నిర్మింతురు, వానిచే నేపని చేయింపవచ్చును, ఏపని చేయింపరాదు అను మూడు విషయములు మీ ముందుంచెదను. వట్టి సిద్ధాంతము చెప్పిన చెవి కెక్కదు. కావున నొక చిన్న వేడుకను ఉదాహరణముగా గ్రహించితిని. అది పక్షులను గమనించు వేడుక. దానికి స్థలము ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, దాని నంటియున్న తార్నాక.

ముందుగా పేరు మాట. బాట్ అనునది రోబోట్ అను పదమునకు తోక. ఈ రోబోట్ అను పదమును లోకమునకు పరిచయము చేసినవాడు కారెల్ చాపెక్ అను చెక్ నాటకకర్త. 1920లో ఆయన ప్రకటించిన ఆర్. యు. ఆర్. అను నాటకమున నది మొదట కానవచ్చినది. చెక్ భాషలో రోబోటా యనగా వెట్టి. తెలంగాణమున వెట్టిచాకిరి యన్న నేమో వివరింప నక్కరలేదు. అయితే మనము చెప్పుకొను వెట్టివాడు ఇనుపబొమ్మ కాడు. వానికి కాళ్లు లేవు, చేతులు లేవు. కంప్యూటరులో వ్రాసి యుంచిన యాజ్ఞల పట్టికయే వాని శరీరము. చెప్పిన వేళకు మేల్కొని, చెప్పిన పని చేసి, మరల నిద్రించును. అలయడు, విసుగడు. కాని చెప్పనిదానిని గ్రహింపడు. ఈ కడపటి మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. నేటి ప్రసంగ మంతయు దానిచుట్టును తిరుగును.

ఇక వేడుక మాట. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. ఒక దేశభాషయైన ఉర్దూలో ఉన్నతవిద్య నేర్పిన తొలి విశ్వవిద్యాలయముగా దానికి ఖ్యాతి కలదు. బెల్జియము దేశపు శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ ఆలోచనతో లేచిన ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. ఆ రాతిమేడ చుట్టును చెట్లును, పొదలును, బీడునేలయు నింకను కొంత మిగిలియున్నవి. కావున ఉదయమున నడచుటకు వచ్చువారికి పాలపిట్టయు, గోరువంకయు, రామచిలుకయు, నెమలియు కంటబడుచుండును. తార్నాక యను పేరు తార్, నాకా అను రెండు మాటలవలన పుట్టినదని పెద్దలు చెప్పుదురు. తార్ అనగా తీగ, నాకా యనగా కావలి చోటు. తీగెల కంచె వేసిన తోటకు కావలి యుండిన తావట. మనము నిర్మింపబోవు యంత్రసేవకుని పనియు నిదియే: ఒక కంచె, ఒక ద్వారము, ఒక కావలి.

నైజాము రాజ్యపు పక్షులను శాస్త్రరీతిని లెక్కించిన ఘనత సాలిం ఆలీకి చెందును. ఆయన 1931, 1932 సంవత్సరములలో రాజ్యమంతయు తిరిగి తాను చూచినదానిని వ్రాసికొనెను. ఆనాడు చూచువాడు నొకడే, వ్రాయువాడు నొకడే, ఏరువాడు నొకడే. నేడు ప్రతి చేతను కెమెరా గల టెలిఫోను కలదు. చూచువారు వేలు, ప్రకటించువారు వేలు. ఏరువాడే కరవైనాడు. ఒకే నెమలి ఫోటో ఇరువది చోట్ల కనబడును. బ్రెజిలు దేశపు చిలుకను తెచ్చి మన తోటలోని దని చూపుదురు. నడుమ లాటరీ చీటీల ప్రకటన యొకటి దూరును. ఇన్నిటి నడుమ, ఎవడో విద్యార్థి తన వసతిగృహపు కిటికీనుండి తీసిన యపురూపమైన చిత్రము ఎవరికిని కానరాక మునిగిపోవును. ధాన్యమున్నది, ఊక యున్నది. చెరుగుటకు చేట కావలెను.

టెలిగ్రాము అను సందేశసాధనము 2013లో పుట్టినది. 2015లో నది బాట్లకును, ఛానెళ్లకును తావిచ్చినది. ఛానెలనగా ఒకరు పలుకగా పలువురు విను ఏర్పాటు. మన యూరి దండోరాను బోలినది. పదిమంది ప్రాతఃకాల సంచారులు చేరి తమ ప్రాంగణపు పక్షులకై యిట్టి ఛానెలు నొకదానిని నడుపుచున్నారనుకొందము. దినమున కయిదు మంచి విషయములు ప్రకటింపవలెనని వారి సంకల్పము. దానికై ప్రతిదినము రెండు గంటలు కూర్చుండి వెదకువా డెవడు? ఆ రెండు గంటలలో నొకటి ముప్పావు గంట యంత్రమునకు విడిచి, కాలుగంట మాత్రము మనుష్యునికి మిగుల్చుటయే మన ప్రయత్నము.

యంత్రసేవకుని పని యైదు మెట్లు: తెచ్చుట, వడపోయుట, పోల్చుట, విన్నవించుట, ప్రకటించుట. ఒక్కొక్క దానిని చూతము.

మొదటిది తెచ్చుట. ఇతరుల యింటిలోని వస్తువును తెచ్చుటకు వారు తెరచియుంచిన వాకిటినే వాడవలెను. అంతర్జాలమునను ధర్మ మిదియే. 1999లో పుట్టిన ఆర్‌ఎస్‌ఎస్ అను పద్ధతి యట్టి వాకిళ్లలో పాతది. ఒక పుటలో క్రొత్తగా చేరిన విషయముల జాబితాను యంత్రములు చదువుటకు వీలుగా నది యందించును. 2016లో మొదలైన మాస్టొడాన్ వంటి సంఘజాలములు తమ వాకిళ్లను తెరచియే యుంచినవి. పక్షుల విషయమున మఱి రెండు గొప్ప భాండారములు కలవు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాల 2002లో నెలకొల్పిన ఈబర్డ్ ఒకటి. 2008లో మొదలైన ఐనేచురలిస్ట్ రెండవది. ఈబర్డ్ వారు కోరినవారికి వెల లేక యొక తాళపుచెవి నిత్తురు. ఆ చెవితో అక్షాంశ రేఖాంశములను తెలిపి, ఇంత దూరములో గడచిన యిన్ని దినములలో కనబడిన పక్షు లేవి యని యడుగవచ్చును. మన ప్రాంగణమునకు అక్షాంశము సుమారు 17.4, రేఖాంశము సుమారు 78.5. దూరము 50 కిలోమీటర్లకును, దినములు 30కిని మించరాదని వారి నియమము.

అన్ని వాకిళ్లు నెల్లకాలము తెరచియుండవు. ట్విట్టరను పేర నుండిన సంస్థ 2023లో తన యుచిత ద్వారమును దాదాపుగా మూసివేసినది. రెడ్డిట్ సంస్థయు అదే సంవత్సరమున వెల పెట్టినది. ఆ వాకిళ్ల నమ్ముకొని నిర్మింపబడిన యంత్రములు పెక్కు లొక్కమాటుగా మూగవోయినవి. కావున ఒక్క బావిని నమ్ముకొని సేద్యము చేయరాదు. మూడు నాలుగు మూలములను జతపఱచుకొనవలెను. మూసిన తలుపును పగులగొట్టి లోపలికి పోవు యుక్తులును కొందఱు నేర్పుదురు. అవి మనకు వలదు. ఏ పుటను యంత్రములు చదువవచ్చునో, ఏది చదువరాదో తెలుపు రోబోట్స్ అను చీటిని తలుపుపై నంటించు మర్యాద 1994నుండి కలదు. యంత్రసేవకుడు మొదట నా చీటిని చదివి, పిమ్మట గడపలో నడుగిడవలెను.

రెండవ మెట్టు వడపోయుట. భాష తెలిసినవారి సాయము మిక్కిలి యక్కరకు వచ్చు తావిది. యంత్రమునకు పక్షియు తెలియదు, మాటయు తెలియదు. అక్షరముల వరుస మాత్రమే తెలియును. తెలుగక్షరములకు యూనికోడ్ అను ప్రపంచపు పట్టికలో 128 గళ్ల తావు కేటాయింపబడినది. అందులో నొక చిక్కు కలదు. ఐత్వమును రెండు విధముల దాచవచ్చును: ఒకే గురుతుగా నొకటి, ఎత్వమును దానిక్రింది గురుతును జేర్చి యొకటి. కంటికి రెండును సమానమే. యంత్రమునకు మాత్రము రెండు వేఱు మాటలు. మైనా యని వెదకిన, రెండవ విధమున వ్రాసిన మైనా దొరకదు. ఇంగ్లీషు మాటలను తెలుగున వ్రాయునపుడు నడుమ దూరు కంటి కగపడని గురుతును ఇట్టి తంటాయే తెచ్చును. కావున వెదకుటకు ముందు అన్ని మాటలను ఒకే రూపునకు తెచ్చుకొనవలెను. దీనికై సిద్ధమైన పనిముట్లు కంప్యూటరు భాషలలో నున్నవి.

అటుపిమ్మట పర్యాయపదములు. గోరువంక యని యొకరు, గోరింక యని మఱొకరు, మైనా యని వేఱొకరు వ్రాయుదురు. పిచ్చుక, పిచ్చిక, ఊరపిచ్చుక యొక్కటే. పాలపిట్టను సంస్కృతమున చాషమందురు. అమరసింహుడు తన కోశమున నొక్కొక్క వస్తువునకు నామములను గుదిగ్రుచ్చినట్లు, మనమును ప్రతి పక్షికి దాని పేర్లన్నిటితో నొక నిఘంటువును కూర్చి యంత్రమునకీయవలెను. ఇంగ్లీషు పేరును, శాస్త్రనామమును, తెలుగు మాటను ఇంగ్లీషు లిపిలో వ్రాయు నానావిధ రూపములను అందు చేర్పవలెను. నలువది పక్షులకు ఇట్టి నిఘంటువు సిద్ధము చేయుట యిద్దఱు ముగ్గురు కూర్చున్న నొక యాదివారపు పని.

విభక్తుల మాట యింకను ముఖ్యము. పాలపిట్టను, పాలపిట్టకు, పాలపిట్టలు అన్నపుడు మొదటి భాగము చెక్కుచెదరదు. అందుచే మొదటి భాగమును పట్టుకొని వెదకిన చాలును. గూడు అను మాట యట్లుగాదు. అది బహువచనమున గూళ్లగును, విభక్తి చేరినపుడు గూటి యగును. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఔపవిభక్తికములను గూర్చి చదివినవారి కిది క్రొత్తగాదు. గూడు అను మాటను మాత్రమే యెఱిగిన యంత్రము, గూటిలో మూడు పిల్లలున్నవి యను వాక్యమును చూచియు గుర్తింపజాలదు. ఈ చిన్న లోపము ఎంత కీడునకు దారి తీయునో ముందు చెప్పెదను.

ఇక నానార్థములు. కాకి యని వెదకిన కాకిలెక్కలు వచ్చి పడును. కొంగ యన్న కొంగజపము చేయువారి గూర్చిన రాజకీయ వ్యాసములు వచ్చును. గరుడ యన్న పక్షి రాదు. ఆర్టీసీ వారి బస్సు వచ్చును. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమను సామెత క్రికెట్టు వార్తలలో దర్శనమిచ్చును. అందువలన ఒక్క మాటను జూచి తీర్పు చెప్పరాదు; మాటల కన్నిటికి మార్కులు వేసి కూడవలెను. బడిపంతుళ్లకు సులభముగా తెలియు పద్ధతి యిది. పక్షి పేరునకు 4, మన స్థలముల పేర్లకు 3, ఫోటో యను మాటకు 1 వేయుదము. టిక్కెట్టను మాటకు 5, అమ్మకమను మాటకు 6 తీసివేయుదము. ఆఱు మార్కులు వచ్చిన నుత్తీర్ణము, మూడింటికి తక్కువైన తిరస్కారము, నడుమనున్నది సందేహము.

ఆర్ట్స్ కళాశాల వెనుక పాలపిట్ట, ఫోటో చూడుడు అను వాక్యమునకు 3, 4, 1 చేరి 8 వచ్చును; ఉత్తీర్ణము. తార్నాక మీదుగా పోవు గరుడకు టిక్కెట్టు దొరకునా యను ప్రశ్నకు 3, 4 చేరి, 5 పోగా 2 మిగులును, తిరస్కారము. తార్నాకలో రామచిలుకల జత అమ్మకమునకు కలదు అను ప్రకటనకు 1 మాత్రమే వచ్చును. అది ఛానెలునకు పనికిరాదు. కాని పాఱవేయరాదు. మన దేశపు రామచిలుకను పట్టి యమ్ముట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. పక్షి పేరును, అమ్మకమను మాటయు నొకచోట కనబడిన యెడల దానిని వేఱొక సంచిలో వేయుమని యాజ్ఞ వ్రాయవలెను. అటవీశాఖవారికి తెలుపుటయా, మానుటయా యనునది చూచిన మనుష్యుడు నిర్ణయించును.

మార్కులను మన యిచ్చవచ్చినట్లు వేయుటకన్న మంచి దారి యొకటి కలదు. థామస్ బేయిస్ అను నింగ్లీషు మతాచార్యుని సంభావ్యతా సూత్రము, ఆయన మరణించిన పిమ్మట 1763లో ముద్రితమైనది. 2002లో పాల్ గ్రాహం అను నాయన దానిని ఉత్తరములలోని చెత్తను వేఱుచేయుటకు వాడుమని వ్రాయగా నా పద్ధతి మిగుల ప్రచారమొందినది. మనకు దాని నిట్లు చెప్పుకొనవచ్చును. మనము చేతితో నేరి యంగీకరించిన విషయములు 100, కాదన్నవి 100 ఉన్నవనుకొందము. ముక్కు అను మాట మొదటి వందలో 24 చోట్ల, రెండవ వందలో 3 చోట్ల నున్నది. అనగా నది మంచివైపు ఎనిమిది రెట్లు మొగ్గును. ఉచితము అను మాట మొదటిదానిలో 2 చోట్ల, రెండవదానిలో 30 చోట్ల నున్నది. అనగా చెడ్డవైపు పదునైదు రెట్లు మొగ్గును. రెండు మాటలును గల విషయమునకు తూకము 8కి 15. అది చెడ్డవైపు కొంచెము వాలినను నిశ్చయము కాదు. సందేహపు సంచిలో వేయదగినది. మన తీర్పులు పెరిగినకొలది యీ తూకము సరిపడుచుండును. యంత్రము నేర్చుకొన్నదని లోకమున చెప్పుకొను మాటలో సారాంశ మింతే: అది మన తీర్పులను లెక్కించినది.

2022 చివర వచ్చిన చాట్‌జీపీటీ మొదలగు భాషాయంత్రములను ఈ పనికి నియోగింపరాదా యని యెవరైన నడుగవచ్చును. నియోగింపవచ్చును. కాకిలెక్కలకును, కాకికిని గల భేదమును అవి తఱచుగా గుర్తించును. కాని యవి తెలియనిదానిని సైతము తెలిసినట్లు పలుకు స్వభావము గలవి. పెక్కింటికి వెలయు కట్టవలెను. కావున సందేహపు సంచిలోని కొలదిపాటి విషయములను మాత్రము వానికి చూపి, అభిప్రాయ మడుగుట మేలు. తీర్పు మాత్ర మడుగరాదు.

మూడవ మెట్టు పోల్చుట. ఒకే ఫోటో కొలతలు మారి, రంగు మారి, పదిచోట్ల తిరుగుచుండును. దానిని పట్టుటకు చక్కని యుపాయము కలదు. ఫోటోను ఎనిమిది గళ్లు వెడల్పు, ఎనిమిది గళ్లు ఎత్తు గల చిన్న పటముగా కుదించి, రంగులు తీసివేయవలెను. మొత్తము 64 గళ్లగును. అన్నింటి వెలుగునకు సగటు కట్టి, సగటును మించిన గడిలో 1, తక్కువైన గడిలో 0 వ్రాయవలెను. ఆ 64 అంకెల వరుసయే ఆ ఫోటోకు వ్రేలిముద్ర. రెండు ఫోటోల వ్రేలిముద్రలలో అయిదింటికి లోపుగా మాత్రమే భేదమున్న యెడల అవి దాదాపుగా నొకే ఫోటో యనుకొనవచ్చును. అంకెల వరుసలలోని భేదములను ఇట్లు లెక్కించుటకు 1950లో రిచర్డ్ హామింగ్ దారి చూపెను. వ్రేలిముద్రలను, విషయముల చిరునామాలను, మన తీర్పులను ఒక పుస్తకమున దాచియుంచవలెను. ఎస్‌క్యూలైట్ అను నుచితమైన దస్త్రపు పద్ధతి యిట్టి చిన్న పనికి చాలును.

నాలుగవ మెట్టు విన్నవించుట. పెక్కుమంది దీనిని విడిచిపెట్టుదురు. నా దృష్టిలో నిదియే ప్రాణము. వడపోతలో నుత్తీర్ణమైనదానిని యంత్రము తిన్నగా ఛానెలులో ప్రకటింపరాదు. ఛానెలు నడుపువారి చిన్న గోష్ఠికి పంపవలెను. ఫోటోక్రింద మూడు మీటలుండును: అంగీకారము, తిరస్కారము, ఆపుము. ఇట్టి మీటలను టెలిగ్రాము బాట్ల కమర్చు వీలున్నది. సాయంకాలము టీ త్రాగుచు కాలుగంటలో ఇరువది విషయములకు తీర్పు చెప్పవచ్చును. ఈ మెట్టు ఎందుల కక్కరయో వినుడు.

విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మన యాచారము. అది తెలంగాణ రాష్ట్రపక్షి. చూడవలెననుకొనువా డూరి వెలుపలికి పోయి చెట్టుమీదనో, తీగెమీదనో ఉన్నదానిని చూచి మ్రొక్కుట పూర్వపద్ధతి. పట్టణములలో కొందఱు దానిని పట్టి, ఱెక్కలు కట్టి, పంజరమున బెట్టి, యింటింటికి త్రిప్పి పైకము గడించుట మొదలుపెట్టిరి. శుభము కోరి చూచు కన్నులే ఆ పక్షికి కీడైనవి. గుడ్లగూబకు దీపావళి గండము. మూఢవిశ్వాసముల పేర దానిని పట్టి చంపువారు దేశమున నున్నారు. ఇట్టి దినములలో, ఫలాని మఱ్ఱిచెట్టు తొఱ్ఱలో గుడ్లగూబ జంట కాపురమున్నదని మన ఛానెలు ప్రకటించెనేని, వేడుకకై చదివినవారితోపాటు వేటకై చదువువాడును చదువును. ఫోటోలు తీయు భక్తులును గుంపుగా చేరినయెడల, తల్లిపక్షి గూటిని విడిచి పోవచ్చును. గూటిలో అను మాటను యంత్రము గుర్తింపవలెనని యింతకుముందు చెప్పిన దందుకే. ఇచట విభక్తిజ్ఞానము పరీక్షలో మార్కులకై కాదు. తొఱ్ఱలోని పిల్లల ప్రాణమునకై.

దీనికి నాలుగు నియమములు చాలును. గూడు, గుడ్లు, పిల్లలు అను మాటలు ఏ రూపమున కనబడినను యంత్రము దానిని తనంతట ప్రకటనకు పంపరాదు. గుడ్లగూబలు మొదలగు గండమున్న పక్షులకు స్థలము చెప్పరాదు; విశ్వవిద్యాలయ ప్రాంగణమని చెప్పిన చాలును, చెట్టు పేరక్కరలేదు. చూచిననాడే ప్రకటింపక, కొన్ని వారములు గడచిన పిమ్మట ప్రకటింపవలెను. ఫోటో దస్త్రములలో తీసిన చోటును, వేళను తెలుపు గుప్తవివరములు దాగియుండును. వానిని తుడిచివేయుమని యంత్రమునకు చెప్పవలెను. పెద్ద భాండారములును ఈ దారినే నడచుచున్నవి. ఈబర్డ్ వారు గండమున్న పక్షుల తావులను దాచుదురు. ఐనేచురలిస్ట్ వారు అట్టివాని తావును అక్షాంశ రేఖాంశములలో డిగ్రీలో అయిదవవంతు గల గడిలో నెచ్చటనో యున్నట్లు మాత్రమే చూపుదురు. అనగా సుమారు ఇరువది కిలోమీటర్ల వెడల్పు గల గడి.

పక్షికి న్యాయము చెప్పితిని. ఫోటో తీసినవానికిని న్యాయము కావలెను. 1957 నాటి మన కాపీరైటు చట్టము ననుసరించి ఫోటో తీసినవాడే దానికి కర్త. అతని పేరు తుడిచి మన ఛానెలులో పెట్టుకొనుట చౌర్యము. యంత్రము ఫోటోతోపాటు కర్త పేరును, మూలపు చిరునామాను తేవలెను. ఐనేచురలిస్టులో పెక్కు ఫోటోల ప్రక్కన ఏ షరతుపై వాడుకొనవచ్చునో తెలుపు చీటి యుండును. ఆ చీటి లేనివానికి అనుమతి యడుగవలెను. అనుమతి రాని యెడల మూలమునకు దారి చూపి యూరకుండుట మర్యాద.

అయిదవ మెట్టు ప్రకటించుట. ఇది యెల్ల మెట్లలో సులభము. టెలిగ్రాములో బాట్‌ఫాదర్ అను పెద్ద బాట్ కలడు. బాట్లకెల్ల తండ్రియని యర్థము. ఆతని నడిగిన క్రొత్త బాటునకు పేరు పెట్టి, టోకెన్ అను నొక రహస్యపు మాట నిచ్చును. అది తాళపుచెవి. దానిని పదిమందికి చూపరాదు. ఆజ్ఞల పట్టికలో బాహాటముగా వ్రాయరాదు. ఛానెలులో ఆ బాటునకు నిర్వాహకుని హోదా నిచ్చిన యెడల నది ప్రకటింప గలుగును. ఫోటోక్రింద వ్రాయు వాక్యములు 1024 అక్షరములను మించరాదు. అయిదు విషయములను ఒక్కమాటుగా కుమ్మరింపక, ఉదయము రెండు, మధ్యాహ్న మొకటి, సాయంకాలము రెండు చొప్పున పంపుట చదువువారికి హాయి. వేళకు మేల్కొలుపు పనిముట్టు ప్రతి కంప్యూటరులోను కలదు. ఆజ్ఞలను వ్రాయుటకు 1991లో వెలువడిన పైథాన్ భాష క్రొత్తవారికి తగినది. కొన్ని వందల పంక్తులలో నీ పని యంతయు ముగియును. ఇంట మూలబడిన పాత కంప్యూటరే దీనికి చాలును.

ఇక నొక పెద్ద ప్రశ్న మిగిలినది. ఏది మంచిదని యేరవలెను? ఎక్కువమంది మెచ్చినదానినే యేరుమని యంత్రమునకు చెప్పుట సులభము. అట్లు చెప్పినచో నెలదినములలో మన ఛానెలు నెమళ్ల కొలువగును. నెమలి యందగాడు, దాని ఫోటోకు మెచ్చుకోలు లెక్కకు మిక్కిలి. పొదలలో తిరుగు బూడిదరంగు పిట్టను మెచ్చువారు ముగ్గురు. కాని యా ముగ్గురిలో నొకడు రేపటి పక్షిశాస్త్రజ్ఞుడు కావచ్చును. పెద్ద సంస్థల యంత్రములు మన కన్నులను ఎక్కువసేపు నిలుపుటకై యేరును. అది వారి వ్యాపారము. మన చేట మనది గనుక నియమమును మార్చుకొనవచ్చును. అయిదింటిలో నొకటి వారమునుండి కనబడని పక్షిదిగా నుండవలెను. ఒకటి తెలుగున వ్రాసినదై యుండవలెను. ఒకటి మునుపెన్నడును ప్రకటింపబడని వ్యక్తిదై యుండవలెను. ఈ మూడు వాక్యములను ఆజ్ఞలుగా వ్రాయుట పది పంక్తుల పని. వ్రాయవలెనని తోచుట మాత్రము యంత్రమునకు శక్యము గాదు.

నిర్మింపదలచినవారికి నా సలహా యిది. మొదటి రెండు వారములు యంత్రము జోలికి పోవలదు. చేతితోనే యేరుడు. ఒక నోటుపుస్తకము తీసికొని, ఇన్నూఱు విషయములకు తీర్పు వ్రాసి, ప్రతి తీర్పు ప్రక్కను కారణము నొక్క వాక్యమున వ్రాయుడు. ఇద్దఱు వేఱువేఱుగా వ్రాసి, తరువాత పోల్చుకొనుడు. తీర్పులు భేదించిన చోట వాదింపుడు. ఆ వాదములోనుండి నియమములు పుట్టును. ఆ నియమములే యంత్రమునకు ఆజ్ఞలు. మనకు స్పష్టము కానిదానిని యంత్రమునకు స్పష్టము చేయుట యసాధ్యము. నా ముప్పది యేండ్ల బడిలో నేను చూచినదియు నిదియే: పాఠము చెప్పవలసి వచ్చినపుడే ఉపాధ్యాయునికి తన కేది తెలియదో తెలిసివచ్చును.

1917లో హైదరాబాదున భాషాంతరీకరణ శాఖ నొకదానిని నెలకొల్పి, కొత్తశాస్త్రముల నన్నిటిని ఉర్దూలోనికి తెచ్చుటకు పండితులును, శాస్త్రజ్ఞులును ఒక బల్లచుట్టు కూర్చుండిరి. శాస్త్రజ్ఞునికి వస్తువు తెలియును, పండితునికి మాట తెలియును. ఇద్దఱు కలసిననే పని సాగినది. నేడు తార్నాక పరిసరములలో శాస్త్ర పరిశోధనాలయము లున్నవి. కంప్యూటరు తెలిసిన యువకులు వీధివీధి నున్నారు. వ్యాకరణము తెలిసిన వృద్ధులును ఇంటింట నున్నారు. మీ పొరుగింటి కుఱ్ఱవాని కాజ్ఞలు వ్రాయుట వచ్చును. మీకు గూడు గూటియగు తీరు వచ్చును. ఈ యాదివారము ఉదయమున నతనితో కలసి ఒక నడక నడచి, కనబడిన పక్షుల పేర్లను, వాని రూపాంతరములను పట్టికగా వ్రాయుడు. యంత్రసేవకునికి తొలి పాఠ మదియే. సెలవు.